తప్పెక్కడుందో మాక్కూడా చెప్పండి

తెలుగు టీవీలో, ఓటీటీలో వచ్చే పాటల పోటీల న్యాయనిర్ణేతలకు, నిర్మాతలకు, ఛానళ్ళవారికి ఒక వీక్షకురాలి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

వారం వారం అందరూ అద్భుతంగా పాడుతున్నారు. వారం వారం ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళిపోతున్నారు. ఈ రెండింటికీ పొంతన ఎక్కడుందో మాకు అంతుబట్టడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

పాట అవుతుంది. ఒకరు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఇంకొకరు గూస్‌బంప్స్ అంటూ చెయ్యి చాపి చూపిస్తారు. మూడోవారు తనకు మాటలు రావడం లేదని చెప్పడానికి చాలాసేపు మాట్లాడతారు. పైనుంచి రంగు కాగితాలు రాలతాయి. పాడిన పిల్ల వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకోవడాన్ని మూడు వైపుల నుంచి చూపిస్తారు. అరగంట తిరక్కుండా అదే పిల్లని మధ్యలో నిలబెట్టి, లైట్లు తగ్గించి, గుండె దడలాంటి మ్యూజిక్ వేసి, నీ ప్రయాణం ఇక్కడితో సరి అంటారు. ఎందుకు సరి? ఆ పిల్లకి తెలీదు, వాళ్ళమ్మకి తెలీదు, మాకు అసలే తెలీదు. మీకు తెలిసే ఉంటుంది. ఆ తెలిసిందే కాస్త పైకి చెప్పమని అడుగుతున్నాం.

నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. మాది విజయనగరం. ఘంటసాల, సుశీల చదువుకున్న సంగీత కళాశాల 1919 నుంచీ మా ఊళ్ళో ఉంది గానీ, దాని ముందు నుంచి కూరగాయల సంచితో నడిచి వెళ్ళడమే తప్ప లోపల కూర్చుని సరళీస్వరాలు పాడిన పాపాన పోలేదు. నాకున్న కాస్త వినికిడి టీవీ పెట్టిన భిక్షే. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైన దగ్గర్నుంచి, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లలకు చెబుతుంటే ఇవతల కూర్చుని పోగుచేసుకున్నది.

ఆయన పొగడలేదని కాదు. మనసారా పొగిడేవారు, అవసరానికి మించి ముద్దు చేసేవారని కూడా కొందరు అనేవాళ్ళు. కానీ పొగడ్త వెనకాలే ఒక 'కానీ' వచ్చేది. రెండో చరణం ఎత్తుకున్నప్పుడు శ్రుతి కాస్త కిందికి జారిందని చెప్పేవారు. అక్కడితో ఊరుకోకుండా, జారిన చోటు తనే పాడి చూపించేవారు, ముందు జారినట్టు, తర్వాత జారకుండా. 'శ' పలకాల్సిన చోట 'ష' పలికితే పట్టుకునేవారు. ఒత్తు మింగేస్తే పట్టుకునేవారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట మధ్యలో తీసుకుంటే కవి చెప్పిన అర్థం ఎలా రెండు ముక్కలవుతుందో విడమరిచేవారు. పాట ఎవరు రాశారు, ఎవరు కట్టారు, రికార్డింగ్ రోజున ఏం జరిగింది, ఇవన్నీ మధ్యలో కబుర్లుగా దొర్లిపోయేవి. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటి గాయనీగాయకులు ఆ వేదిక నుంచి వచ్చారని అందరికీ తెలుసు. అదే వేదిక ముందు కూర్చుని వినడం నేర్చుకున్నవాళ్ళు ఇంకా ఎంతమందో. వాళ్ళ లెక్క ఏ ఛానల్ దగ్గరా ఉండదు.

మా అత్తగారి సంగతే చెబుతాను. ఆవిడకి రాగం పేరు ఒక్కటీ తెలీదు. మొన్నో కార్యక్రమంలో ఒక కుర్రాడు ఘంటసాల పద్యం ఒకటి ఎత్తుకున్నాడు. మంచి గొంతు. పద్యం మూడో పాదంలో పెద్ద సమాసం మధ్యలో ఊపిరి చాలక తెంపేసి, గాలి పీల్చుకుని మిగతా సగం పాడాడు. న్యాయనిర్ణేతలందరూ లేచి నిలబడ్డారు. ఒకరు వేదిక ఎక్కి కౌగలించుకున్నారు. గోరుచిక్కుళ్ళు ఒలుస్తున్న మా అత్తగారు తల ఎత్తకుండానే, "మాట మధ్యలో తెంపేశాడు కదే, బాలు ఉంటే ఊరుకుంటాడా?" అన్నారు. ఆవిడకి వినపడింది మీకు వినపడలేదంటే నేను నమ్మను. మీరు రోజూ స్టూడియోలో ఒక్క అక్షరం కోసం పది టేకులు తీసుకునేవాళ్ళు, ఇచ్చేవాళ్ళు. వినపడే ఉంటుంది. చెప్పలేదు, అంతే.

ఎందుకు చెప్పరన్నది నాకు కొంత ఊహకు అందుతుంది. తప్పు చెబితే ప్రోమో అందంగా రాదు. కంటతడి వస్తుంది, అది మళ్ళీ ఇంకో రకం ప్రోమో అవుతుంది. పిల్లల అభిమానులు సోషల్ మీడియాలో మీ మీద పడతారు. రేపు ఆ పిల్లే గాయని అయి మీ పాటే పాడొచ్చు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. పైగా మనసు నొచ్చుకునేలా మాట్లాడితే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసింది. 2008లో ఒక బెంగాలీ టీవీ డాన్స్ పోటీలో న్యాయనిర్ణేతలు మందలించిన తర్వాత పదహారేళ్ళ అమ్మాయికి మాట పడిపోయిందని తల్లిదండ్రులు చెప్పారు. టీవీ పోటీల్లో పిల్లల గురించి దేశమంతా చర్చ జరిగింది. అటువంటి కరుకుదనం నేను అడగడం లేదు. హిందీలో, ఇంగ్లిష్‌లో కొందరు జడ్జిలు వెటకారాన్నే వృత్తిగా పెట్టుకున్నారు, అది కూడా వద్దు. "నీ గొంతు బాలేదు" అనడం వేరు, "పై షడ్జం (పై 'స') అందుకునేటప్పుడు గొంతు బిగించావు, అందుకే శ్రుతి తగ్గింది" అనడం వేరు. మొదటి మాట మనిషిని పడగొడుతుంది. రెండో మాట పట్టుకుని ఆ పిల్ల మర్నాడు పొద్దున్నే సాధన చేసుకోవచ్చు.

మీరు చెప్పకపోతే తప్పు అలా గాలిలో కలిసిపోతుందనుకుంటున్నారేమో. కలిసిపోదు. ఇంకెవరో చెబుతారు, వాళ్ళకు మీ మర్యాద ఉండదు. హిందీ ఇండియన్ ఐడల్ పన్నెండో సీజన్ గుర్తుందా? 2021 మే నెలలో కిశోర్ కుమార్ పాటల ఎపిసోడ్‌కి ఆయన కొడుకు అమిత్ కుమార్ అతిథిగా వెళ్ళారు. తర్వాత బయటికొచ్చి, ఎవరెలా పాడినా పొగడమని తనకు ముందే చెప్పారని పత్రికలవాళ్ళతో అన్నారు. పెద్ద దుమారమే లేచింది. ఆ సీజన్‌లోనే మన విశాఖపట్నం అమ్మాయి షణ్ముఖప్రియ ఉంది. ఫైనల్ దాకా వెళ్ళింది. వేదిక మీద ఆమెకు దక్కింది ఎక్కువగా చప్పట్లే. బయట సోషల్ మీడియాలో మాత్రం ఆమె గొంతు మీద, శైలి మీద వచ్చిన ట్రోలింగ్ ఇంకొకరైతే తట్టుకోలేరు. ఏ పాటకి ఎంత విన్యాసం నప్పుతుంది, ఎక్కడ తగ్గించాలి అన్న మాట తెలిసినవాళ్ళు నెమ్మదిగా, వివరంగా తెర మీదే అని ఉంటే బయటివాళ్ళకు అంత నోరు లేచేదా అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. తీర్పు చెప్పాల్సినవారు తప్పుకున్న కుర్చీలో గుంపు వచ్చి కూర్చుంటుంది.

నిరుడు, అంటే 2025 ఏప్రిల్‌లో, తెలుగు పోటీ ఒకదాంట్లో పాడిన గాయని బయటికొచ్చి న్యాయనిర్ణేతల మీద పక్షపాతం ఆరోపణలు చేసింది. ఆరోపణలు ఎదుర్కొన్నవారు, నిర్మాణ సంస్థవారు కాదన్నారు. పేర్లు అందరికీ తెలిసినవే కనుక ఇక్కడ రాయను. ఎవరిది నిజమో తేల్చే స్తోమత నాకు లేదు. ఆ గొడవ జరిగినన్నాళ్ళూ నన్ను వేధించిన ప్రశ్న మాత్రం ఒక్కటే. చూసేవాళ్ళలో ఏ ఒక్కరికీ ఆ పిల్లకు ఏ రౌండ్‌లో ఎన్ని మార్కులు పడ్డాయో, దేనికి ఎన్ని పోయాయో చూసి మాట్లాడే వీలు లేకపోయింది. అభిమానం ఉన్నవాళ్ళు అటు, ఇటు చీలిపోయి తిట్టుకున్నారు. ప్రతి పాటకీ శ్రుతికి ఇన్ని, లయకి ఇన్ని, ఉచ్చారణకి ఇన్ని, భావానికి ఇన్ని అని ప్రతి న్యాయనిర్ణేత వేసిన మార్కులు తెర మీద కనిపించి ఉంటే? ఆరోపణ నిజమైతే అక్కడే దొరికేది, అబద్ధమైతే అక్కడే తేలిపోయేది. పేపర్లు దిద్ది, మార్కులు చెప్పకుండా పాస్, ఫెయిల్ మాత్రమే చదివే మాస్టారిని ఏ తల్లిదండ్రులు నమ్ముతారు చెప్పండి.

న్యాయనిర్ణేత నలుగురిలో నోరు తెరిస్తే ఏమవుతుందో మీ వృత్తిలోనే పాత ఉదాహరణ ఉంది. బాలు గారు స్వయంగా పలుచోట్ల చెప్పుకున్న సంగతే. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు గూడూరులో జరిగిన పాటల పోటీలో ఆయనకి రెండో బహుమతి ప్రకటించారు. అతిథిగా వచ్చిన ఎస్. జానకి గారు ఆ నిర్ణయాన్ని చూసీచూడనట్టు వదిలెయ్యలేదు, మొదటి బహుమతి ఈ అబ్బాయికే రావాలని సభలోనే అన్నారు. ఆ తర్వాత మద్రాసులో ఇంకో పోటీలో పాడితే సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి గారి చెవిన పడ్డారు. 1966లో ఆయనే సినిమాలో పాడించారు. జానకి గారు ఆ రోజు మర్యాదకి చప్పట్లు కొట్టి బండెక్కేసినా అడిగేవారు లేరు.

ఇక ఓటింగ్. దీని గురించి మాట్లాడితే వీక్షకులకే కోపం వస్తుందేమో, అయినా చెబుతాను. 2006లో కారుణ్య ఇండియన్ ఐడల్ ఫైనల్‌కి వెళ్ళి రన్నరప్‌గా మిగిలినప్పుడు తెలుగువాళ్ళు ఓట్లు వెయ్యలేదని మనం ఒకరినొకరు తిట్టుకున్నాం. 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు, 2017లో రేవంత్ గెలిచినప్పుడు పండగ చేసుకున్నాం. వాళ్ళిద్దరూ గెలవాల్సిన గాయకులే, అందులో అనుమానం లేదు. కానీ ఓటు అడిగిన తీరు చూడండి, "బాగా పాడాడు, ఓటెయ్యండి" అన్నవాళ్ళ కంటే "మనవాడు, ఓటెయ్యండి" అన్నవాళ్ళే ఎక్కువ. 2007లో డార్జిలింగ్ నుంచి వచ్చిన పోలీసు కానిస్టేబుల్ ప్రశాంత్ తమాంగ్ కోసం అక్కడి గోర్ఖాలు చందాలు వేసుకుని మరీ ఓట్లు పంపారు. గెలిపించుకున్నారు. వాళ్ళకి అది పాట పోటీ కాదు, దేశం తమని గుర్తించాలన్న ఆరాటం. దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ పాట బాగుందా లేదా అన్న ప్రశ్నకి అది జవాబు ఎలా అవుతుంది?

ఓటింగ్ తీసెయ్యమని అడగను. ఛానల్ నడవాలి, యాప్ డౌన్‌లోడ్ కావాలి, తెలుసు. న్యాయనిర్ణేతల మార్కులు ఎంత శాతం, ఓట్లు ఎంత శాతం అన్నది సీజన్ మొదటి రోజే చెప్పండి. మధ్యలో మార్చకండి. ఎలిమినేషన్ రోజున ఎవరిని జడ్జిలు పంపించారు, ఎవరిని ఓట్లు పంపించాయి అన్నది విడదీసి చెప్పండి. ఓట్లు తక్కువ వచ్చి వెళ్ళిపోయే పిల్ల, తన పాటలో ఏదో లోపం ఉందనుకుని జీవితాంతం కుమిలిపోకూడదు. పాటలో లోపం వల్ల వెళ్ళే పిల్లవాడు, మా ఊరివాళ్ళు ఓట్లు వెయ్యలేదని తిట్టుకుంటూ కూర్చోకూడదు. వైల్డ్ కార్డ్ అని తిరిగి పిలుచుకొస్తారే, దానికైనా ఒక లెక్క చెప్పండి. పోయినవారం బాలేని గొంతు ఈవారం ఎలా బాగుపడిందో మాకూ తెలుసుకోవాలనుంది.

ఆకాశవాణివాళ్ళు ఈ పని ఎలా చేశారో ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుండు. 1950లలో బి.వి. కేస్కర్ సమాచార మంత్రిగా ఉన్నప్పుడు కళాకారులందరికీ ఆడిషన్ పెట్టి గ్రేడ్లు ఇవ్వడం మొదలైంది. బి, బి-హై, ఎ, టాప్. అప్పట్లో పెద్ద పెద్ద విద్వాంసులు మేమేమిటి, ఆడిషన్ ఏమిటని మండిపడ్డారు. ఆ పద్ధతిలో లోపాలు ఎన్నో ఉన్నాయంటారు, కాదనను. అయినా పాడేది ఎవరో చూడకుండా గొంతు మాత్రమే విని మార్కులు వెయ్యాలన్న ఆలోచన అక్కడ ఉంది. మీరు సీజన్‌కి ఒక్క రౌండ్ అలా పెట్టి చూడండి. పిల్లల పేదరికం మీద తీసిన 'ఏవీ' (పరిచయ వీడియో) లేదు, నాన్న ఆటో తోలడం లేదు, ఊళ్ళో ఇంటి పెంకులు లేవు, డ్రెస్ లేదు. తెర వెనక నుంచి పాట మాత్రమే. (ఆ ఏవీల మీద నాకు కోపం లేదు. ఆ నాన్నల్ని చూసి నేనూ ఏడ్చాను. కానీ ఏడ్చిన కళ్ళతో పాట వింటే ప్రతి పాటా బాగానే ఉంటుంది, చిక్కు అక్కడే.)

ఆడిషన్ల సంగతికి వద్దాం. మా ఆడపడుచు కూతురు ఒక పోటీకి వెళ్ళింది, ఏ పోటీయో చెప్పను. విశాఖపట్నంలో ఒక కాలేజీ ఆవరణ. తెల్లవారకముందే లైన్. జబ్బకి అంటించిన నంబరు స్టిక్కరు చెమటకి ఊడిపోతుంటే పిన్నీసుతో గుచ్చుకుంది. మధ్యాహ్నానికి లోపలికి పిలిచారు. పల్లవి అయ్యి అనుపల్లవి ఎత్తుకోబోతుంటే "థాంక్యూ మా, నెక్స్ట్" అన్నారు. అంతమందిలో అందరికీ క్లాసు పీకడం కుదరదని నాకూ తెలుసు. కానీ చేతిలో పెట్టిన కాగితం మీద నాలుగు గళ్ళు ఉంటే చాలు కదా, శ్రుతి, లయ, ఉచ్చారణ, గొంతు, ఒక్కోదాని పక్కన ఒక టిక్కు. ఆ పిల్ల ఇంటికొచ్చి వాళ్ళమ్మతో అన్న మాట, "ఏం తప్పు పాడానో చెబితే మళ్ళీ వెళ్ళేదాన్ని." మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు బీటెక్ చదువుతోంది, పాడటం మానేసింది. దీనికి ఎవరినీ తప్పుపట్టను, మా ఇళ్ళల్లో పాట మానెయ్యడానికి బీటెక్ ఒక్కటి చాలు.

రాగాల మాట కూడా కొంచెం చెప్పండి. ఉదాహరణకి మోహన రాగంలో కట్టిన పాట ఒకటి ఎవరో పాడారు. ఆవేశంలో ఒక చోట మధ్యమం, అంటే 'మ' తగిలింది. మోహనలో మధ్యమం, నిషాదం ('మ', 'ని') ఉండవు. మాకు ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు అనిపిస్తుంది గానీ అదేమిటో తెలీదు. సినిమా పాటలో రాగానికి చెందని అన్యస్వరం వెయ్యడం మామూలే కాబట్టి, అది సంగీత దర్శకుడు కావాలని వేసిందా, ఈ పిల్లాడు పొరపాటున తెచ్చుకున్నదా అన్న అనుమానమూ ఉంటుంది. మీరు పావు నిమిషం వెచ్చించి ఆరోహణ, అవరోహణ పాడి, ఆ రెండు స్వరాలు లేకుండా ఆ రాగం ఎలా నడుస్తుందో చూపిస్తే ఎంత బాగుంటుంది! ఆ పావు నిమిషం ఎక్కడిదంటారా? యాంకర్‌కీ జడ్జికీ మధ్య నడిచే పెళ్ళి సంబంధాల జోకుల్లోంచి తీసుకోండి. మాకేమీ నష్టం లేదు. డాన్స్ షోల్లో అయితే స్కిట్ల మధ్యలో అప్పుడప్పుడు డాన్స్ వస్తోంది, వాటి గురించి వేరే ఉత్తరం రాయాలి.

నాకు బొత్తిగా అర్థం కాని విషయం ఒకటుంది, నిర్మాతలే చెప్పాలి. న్యాయనిర్ణేతలు వేదిక ఎదురుగా కూర్చుని వింటారు. మేము వినేది మిక్సింగ్ అయి, కొన్ని రోజుల తర్వాత ప్రసారమయ్యే పాట. మధ్యలో ఏం జరుగుతోంది? జారిన శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చి పాతికేళ్ళు దాటింది. పోటీలో పాడిన పాటకి కూడా ఆ సవరణ చేస్తున్నారా, లేదా? చేస్తుంటే మేము ఇంట్లో కూర్చుని వేసే ఓటు ఆ పిల్లకి వేస్తున్నామా, సౌండ్ ఇంజినీరుకి వేస్తున్నామా? ఒక్కోసారి జడ్జి మొహం చిట్లించుకుంటారు, మాకు మాత్రం పాట నున్నగా వినిపిస్తుంది. ఇంకోసారి మాకు పాట ఎక్కడో పట్టు తప్పినట్టుంటుంది, వాళ్ళు లేచి నిలబడతారు. మేము చెవుల్ని అనుమానించాలో, మిమ్మల్ని అనుమానించాలో తెలీని పరిస్థితి. "గొంతులో ఏ సవరణా చెయ్యలేదు" అనో, "చేశాం" అనో ఒక్క లైను తెర మీద వెయ్యండి. పొగాకు హెచ్చరిక వెయ్యగా లేనిది ఇది వెయ్యలేరా?

పిల్లల సీజన్ల గురించి ఎక్కువ చెప్పను, చట్టమే చెప్పింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు కళాకారులుగా పనిచేస్తే రోజుకి ఐదు గంటలు మించకూడదని, విశ్రాంతి లేకుండా మూడు గంటలకి మించి నడపకూడదని, వాళ్ళకొచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం వాళ్ళ పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలని 2017 నాటి బాలకార్మిక నిబంధనల్లో ఉంది. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. పిల్లలతో పెద్దల చేష్టలు, అసభ్యమైన డాన్సులు చేయించొద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానళ్ళకి చెప్పింది కూడా. ఈ నిబంధనలు పాటిస్తున్నామని ఎపిసోడ్ చివర ఒక మాట వేస్తే మా మనసు కుదుటపడుతుంది. తొమ్మిదేళ్ళ పాప చేత విరహగీతం పాడించి, ఆ ఫీలింగ్ ఇంకా రావాలని చెప్పే జడ్జిగారిని మాత్రం ఏమనాలో నాకు తోచడం లేదు. ఆ ఫీలింగ్ రాకపోవడమే కదండీ మంచిది.

సినిమా ప్రమోషన్‌కి వచ్చే అతిథుల చేత మార్కులు వేయించకండి. హీరోగారు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్తే మాకూ సంతోషమే, పిల్లలకి అది జీవితాంతం గుర్తుండే రోజు. ఆయన పదికి పది వేస్తే ఆ పది ఎక్కడ కలుపుతున్నారన్నదే అనుమానం.

అమెరికాలో ఉన్న మా తోడికోడలి పిల్లలు కూడా మీ కార్యక్రమాలు చూస్తారు. అక్కడ తెలుగు పిల్లల కోసం కూడా 'పాడుతా తీయగా' నడిపారు. వాళ్ళకి 'ళ' రావడం ఎంత కష్టమో, 'ణ'కి నాలుక ఎక్కడ తగలాలో, బాలు గారు ఓపిగ్గా చెప్పిన సందర్భాలు అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పిల్లల్లో తెలుగు బడి అందనివాళ్ళకి వారానికో గంట దొరికే మాట ఇదే. అక్కడ కూడా "సూపర్ మా, రాకింగ్" అనేస్తే వాళ్ళకి తెలుగు అక్షరం ఎవరు దిద్దుతారు?

మీలో ఈ పని చక్కగా చేసేవాళ్ళు లేకపోలేదు. పల్లవిలో ఒక మాటకి అర్థం అడిగి, చెప్పలేకపోతే తామే విప్పి చెప్పే గేయ రచయితలు ఉన్నారు. పాడుతున్నప్పుడు మైకు దూరం ఎంత ఉండాలో దగ్గరికొచ్చి చూపించే గాయనీమణులు ఉన్నారు. ఎడిటింగ్‌లో ఆ ముక్కలే ఎక్కువగా కత్తెరకి పోతాయేమోనని నా అనుమానం. కత్తిరించినవి పారెయ్యకుండా యూట్యూబ్‌లో విడిగా పెట్టండి. ప్రోమో చూసినంత మంది చూడకపోవచ్చు, సంగీతం నేర్పే టీచర్లు మాత్రం తప్పకుండా చూస్తారు, పిల్లలకి చూపిస్తారు.

వచ్చే సీజన్‌కి ఆడిషన్లు ఈపాటికే మొదలుపెట్టి ఉంటారు. మార్కుల పట్టిక, ఓట్ల లెక్క, మిక్సింగ్ సంగతి, ఈ మూడింటి గురించి మీ జవాబు మొదటి ఎపిసోడ్‌లోనే యాంకర్ చేత చెప్పిస్తారని ఎదురుచూస్తాను.

నమస్కారాలతో,
ఒక వీక్షకురాలు
విజయనగరం

తా.క.: పాట మొదలయ్యేటప్పుడు స్పాన్సర్ల పేర్లు ఎనిమిది వేస్తున్నారు. ఆ పక్కనే పాట రాసిన కవి, స్వరపరిచిన సంగీత దర్శకుడు, మొదట పాడినవారు, ఈ మూడు పేర్లు కూడా తప్పుల్లేని తెలుగులో వేయించండి. పోయినవారం ఒక కవిగారి ఇంటిపేరు మీదున్న దీర్ఘం తినేశారు.